క్రిటికల్ కేర్ నర్సింగ్‌లో పైచదువు: ఎమ్మెస్సీయా, నర్స్ ప్రాక్టీషనరా, ఏడాది డిప్లొమానా?

ప్రశ్న (స్టాఫ్ నర్సు, విజయవాడ):

అందరికీ నమస్కారం. నేను బీఎస్సీ నర్సింగ్ పూర్తిచేసి, నాలుగేళ్లుగా ఒక ప్రైవేటు ఆసుపత్రి మెడికల్ ఐసీయూలో పనిచేస్తున్నాను. పైచదువు చదవాలన్న కోరిక ఎప్పటి నుంచో ఉన్నా, గత నెల నైట్ డ్యూటీలో జరిగిన ఒక సంఘటనతో అది గట్టిపడింది. తీవ్రమైన న్యుమోనియాతో ఊపిరితిత్తులు బిగుసుకుపోయిన ఒకావిడను వెంటిలేటర్ మీద పెట్టారు. ఆవిడ బరువు ఎనభై కిలోలు కాబట్టి టైడల్ వాల్యూమ్‌ను, అంటే ఒక్కో శ్వాసకు యంత్రం పంపే గాలి పరిమాణాన్ని, 480 మిల్లీలీటర్లకు సెట్ చేశారు. రాత్రంతా ప్రెషర్ అలారం మోగుతూనే ఉంది. సక్షన్ చేసి కఫం తీశాను, ట్యూబు ఎక్కడైనా మడతపడిందేమో చూశాను, డ్యూటీ డాక్టరుకు రెండుసార్లు చెప్పాను. తెల్లవారాక వచ్చిన సీనియర్ డాక్టరు గారు టేపు తెప్పించి, ఆవిడను తల నుంచి మడమ దాకా కొలిచి, 160 సెంటీమీటర్ల ఎత్తున్న స్త్రీకి లెక్కలోకి తీసుకోవలసిన బరువు 52 కిలోలేనని చెప్పి, వాల్యూమ్‌ను 310కి తగ్గించారు. కాసేపటికి అలారం ఆగిపోయింది. ఆ లెక్క నాకు తెలిసి ఉంటే రాత్రి పదింటికే అడిగి ఉండేదాన్ని కదా అన్న బాధ నన్ను ఇంకా వదలలేదు.

ఇంట్లోవాళ్లు ఎమ్మెస్సీ చేసి కాలేజీలో చేరమంటున్నారు. మా ఇన్‌చార్జ్ సిస్టర్ ఏడాది డిప్లొమా చాలంటున్నారు. ఒక పరిధిలో చికిత్స నిర్ణయాలు కూడా తీసుకునే నర్సును తయారుచేసే నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు గురించి విన్నాను కానీ, అది చదివినవారు ఎవరూ నాకు తెలియదు. నాకు పేషెంటు పక్కనే ఉండి పనిచేయాలని ఉంది. దయచేసి అనుభవమున్నవారు దారి చెప్పగలరు.

మొదటి సమాధానం (నర్సింగ్ అధ్యాపకురాలు, తిరుపతి):

అమ్మా, ముందుగా ఒక మాట. ఆ రాత్రి అలారం మోగుతున్నా పట్టించుకోకుండా మ్యూట్ చేసి కూర్చునేవారిని కూడా నేను చూశాను. మీరు రెండుసార్లు డాక్టరుకు చెప్పారు, కాబట్టి తప్పంతా నెత్తిన వేసుకోకండి.

ఎమ్మెస్సీ నర్సింగ్ రెండేళ్ల కోర్సు. బీఎస్సీలో 55 శాతం మార్కులు, ఒక ఏడాది అనుభవం ఉండాలి. మెడికల్ సర్జికల్ నర్సింగ్ తీసుకుని అందులో క్రిటికల్ కేర్‌ను ఉపవిభాగంగా ఎంచుకోవచ్చు. ఢిల్లీ ఎయిమ్స్‌లోనైతే క్రిటికల్ కేర్ నర్సింగ్ పేరుతోనే విడిగా ఎమ్మెస్సీ ఉంది. అయితే ఈ చదువులో పరిశోధన, థీసిస్, బోధన అభ్యాసం, పరిపాలన కూడా పెద్ద భాగమే. నర్సింగ్ కళాశాలలో అధ్యాపక పోస్టుకు కావలసిన అర్హత ఇదే కాబట్టి, చదివినవారిలో ఎక్కువమంది ఇటే వస్తారు. నేనూ అలాగే వచ్చాను. పాఠం చెప్పడం నాకు ఎంతో ఇష్టం, కానీ విద్యార్థులను ఐసీయూ పోస్టింగుకు తీసుకువెళ్లినప్పుడు పేషెంటు బాధ్యత నా చేతిలో ఉండదు. పేషెంటు పక్కనే ఉండాలని మీరే రాశారు. ఇంట్లోవాళ్ల మాట కాదనలేక ఎమ్మెస్సీలో చేరితే, మూడేళ్ల తరువాత మీరు ఉండేది తరగతి గదిలోనే.

రెండో సమాధానం (క్రిటికల్ కేర్ నర్స్ ప్రాక్టీషనర్, హైదరాబాద్):

సిస్టర్ గారూ, నేను నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు చదివినవాడినే. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ దీన్ని రెండేళ్ల రెసిడెన్సీగా, అంటే ఆసుపత్రిలో పనిచేస్తూనే చదివే కోర్సుగా, రూపొందించింది. తరగతి గదిలో గడిపే కాలం తక్కువ, సుమారు ఐదింట నాలుగు వంతులు ఐసీయూలోనే. శరీర పరీక్ష, వ్యాధి విజ్ఞానం, ఔషధ శాస్త్రం మూడూ ఉన్నత స్థాయిలో చదివిస్తారు. రౌండ్సులో పేషెంటు పరిస్థితిని మనమే వివరించి, ఏం చేద్దామనుకుంటున్నామో చెప్పి, ఎందుకో కూడా సమాధానం ఇవ్వవలసి ఉంటుంది. మొదటి మూడు నెలలు నాకు గొంతు పెగిలేది కాదు.

మీరు చెప్పిన టైడల్ వాల్యూమ్ విషయం ఈ చదువుకు సరైన ఉదాహరణ. మనిషి లావెక్కినా ఊపిరితిత్తులు పెరగవు, వాటి పరిమాణం ఎత్తును బట్టి ఉంటుంది. స్త్రీకి 45.5కు, పురుషునికి 50కి, ఎత్తు 152.4 సెంటీమీటర్లు దాటిన ప్రతి సెంటీమీటరుకు 0.91 చొప్పున కలపాలి. వచ్చిన కిలోలను 6తో గుణిస్తే మిల్లీలీటర్లు వస్తాయి. 2000లో అమెరికాలో 861 మంది రోగుల మీద ప్రచురితమైన అధ్యయనంలో, కిలోకు 12 బదులు 6 మిల్లీలీటర్లు ఇచ్చినప్పుడు మరణాలు 39.8 శాతం నుంచి 31 శాతానికి తగ్గాయి. ఈ కారణం తెలిసిన నర్సు రాత్రి పదింటికి ఫోన్ చేసినప్పుడు "అలారం వస్తోంది సార్" అని ఆగిపోదు, "ఎత్తు ప్రకారం 310 ఉండాలి, 480 ఉంది, తగ్గిద్దామా" అని అడుగుతుంది.

ఇబ్బంది కూడా దాచకుండా చెప్పాలి. 2017 జాతీయ ఆరోగ్య విధానం నర్స్ ప్రాక్టీషనర్ కేడర్‌ను ప్రస్తావించినా, ఆ పేరుతో పోస్టులున్న ఆసుపత్రులు ఇప్పటికీ తక్కువే. చదువయ్యాక నాకు మొదట ఉద్యోగమిచ్చిన చోట స్టాఫ్ నర్సు జీతమే ఇచ్చి, మందుల మోతాదు మార్చాలంటే మాత్రం ప్రతిసారీ అనుమతి తెమ్మన్నారు. ఎనిమిది నెలలు చూసి బయటకు వచ్చాను. ఇప్పుడున్న చోట వైద్యులతో కలిసి రాసుకున్న ప్రోటోకాళ్లు (చికిత్స నియమాలు) ఉన్నాయి, వాటి పరిధిలో నేనే నిర్ణయం తీసుకుంటాను. అందువల్ల చేరే ముందే, అక్కడ చదివి వెళ్లినవారు ఇప్పుడు ఏ హోదాలో ఉన్నారో కనుక్కోండి.

మూడో సమాధానం (ఐసీయూ నర్సు, బర్మింగ్‌హామ్, సొంతూరు ఖమ్మం):

విదేశాల ఆలోచన ఉంటే ఇది కూడా తెలుసుకోండి. బ్రిటన్‌లో రిజిస్ట్రేషనుకు చూసేది మీ బీఎస్సీ లేదా జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా), ఇంగ్లిష్ పరీక్ష, ఆపైన సీబీటీ (కంప్యూటర్ మీద రాసే పరీక్ష), ఆస్కీ (నైపుణ్యాలను చేసి చూపే పరీక్ష) మాత్రమే, పీజీ అవసరం లేదు. ఇక్కడ ఐసీయూలో చేరాక, ఉద్యోగం చేస్తూనే స్థాయిల వారీగా నైపుణ్యాల పుస్తకం పూర్తిచేసి, ఆ తరువాత విశ్వవిద్యాలయంలో క్రిటికల్ కేర్ కోర్సు చదువుతాం. యూనిట్‌లోని నర్సుల్లో కనీసం సగం మందికి ఆ అర్హత ఉండాలని ఇక్కడి ఇంటెన్సివ్ కేర్ ప్రమాణాలే చెబుతాయి. నన్ను చదివించింది నా యూనిటే.

ఏడాది డిప్లొమాను తక్కువగా చూడకండి. నేను ఇండియాలో ఉండగా చేసింది అదే. ఏబీజీ (ధమని రక్తంలోని వాయువుల పరీక్ష) చదవడం, ధమనిలోని రక్తపోటును కొలిచే ఆర్టీరియల్ లైన్ ట్రాన్స్‌డ్యూసర్‌ను గుండె ఎత్తుకు సరిచేయడం, మత్తు స్థాయిని అంకెల్లో రాయడం అక్కడే చేతికి అలవాటయ్యాయి. రెండేళ్లు జీతం వదులుకోలేని ఇంటికి అది మంచి దారి.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ ధన్యవాదాలు. ఎమ్మెస్సీ ఆలోచన పక్కన పెట్టాను. రెసిడెన్సీ ఉన్న రెండు ఆసుపత్రులకు ఫోన్ చేసి, పాస్ అయినవారి హోదా గురించి అడిగాను. ఒకచోట నేరుగా వాళ్లతోనే మాట్లాడించారు, రెండోచోట ఇప్పటికీ జవాబు లేదు. మొదటిచోటనే దరఖాస్తు చేస్తున్నాను. ఈలోగా మా ఇన్‌చార్జ్ సిస్టర్‌ను అడిగి, ఒక కొలత టేపును వెంటిలేటర్ ట్రాలీకి కట్టించాను. కొత్త పేషెంటు వచ్చిన వెంటనే ఎత్తు కొలిచి, ఛార్టులో బరువు పక్కనే రాస్తున్నాము.