అమెరికా అంతర్యుద్ధంలో జర్మన్ వలస సైనికులు: కారణం జీతమా, ఆశయమా?

ప్రశ్న (పాతపుటలు):
అమెరికా అంతర్యుద్ధంలో (1861–65) ఉత్తరాది పక్షాన పోరాడినవారిలో జర్మనీలో పుట్టినవారు దాదాపు 2,00,000 మంది ఉన్నారని చదివాను. ఓడ దిగి పట్టుమని పదేళ్లు కాని మనిషి, ఇంగ్లీషు కూడా సరిగా రాని దేశంలో, తనది కాని తగాదాకు ప్రాణం ఒడ్డడానికి కారణం నెలజీతమేనా? అటువంటి సైనికుడికి ఆజ్ఞలు ఏ భాషలో ఇచ్చేవారు?

జవాబు (గడియారం):
ముందుగా ఒక చిన్న సవరణ. జర్మనీ అనే ఏకీకృత రాజ్యం 1871లో గాని ఏర్పడలేదు కనుక, వీరు ప్రష్యా, బాడెన్, బవేరియా వంటి వేర్వేరు రాజ్యాల ప్రజలు. ఆ రాజ్యాల్లో ప్రజాస్వామ్యం కోసం లేచిన 1848–49 తిరుగుబాట్లు అణగారిపోయాక దేశం విడిచిన కార్ల్ షుర్జ్, ఫ్రాంజ్ సీగల్ వంటివారికి బానిసత్వంపై పోరాటం తమ పాత పోరాటానికి కొనసాగింపుగానే తోచింది. అయితే చరిత్రకెక్కిన ఈ నాయకులను చూసి సైనికులందరూ విప్లవకారులే అనుకోవడం పొరపాటు. అధిక సంఖ్యాకులు రైతులు, చేతివృత్తులవారు, కూలీలు. మామూలు సైనికుడికి మొదట్లో నెలకు 13 డాలర్లు ఇచ్చేవారు, 1864లో దానిని 16 చేశారు. పైగా 1862 జూలైలో వచ్చిన చట్టం ప్రకారం, సైన్యం నుంచి గౌరవంగా విడుదలైన విదేశీయుడు ఏడాది నివాసం చూపితే పౌరసత్వానికి అర్హుడయ్యేవాడు. జీతమా, ఆశయమా అని విడదీసి అడిగితే జవాబు దొరకదు. ఒకే మనిషిలో రెండూ ఉండేవి.

జవాబు (సున్నపురాయి):
భాష సంగతి నేను చెబుతాను. ఓహియో 9వ రెజిమెంటు, ఇండియానా 32వ రెజిమెంటు వంటివి పూర్తిగా జర్మన్లతో ఏర్పడ్డాయి, వాటిలో ఆజ్ఞలు కూడా జర్మన్‌లోనే వినిపించేవి. ఇండియానా దళాన్ని తీర్చిదిద్దిన ఆగస్ట్ విలిచ్ ఒకప్పుడు ప్రష్యా సైన్యాధికారి. ప్రవాసంలో వడ్రంగం చేసి, ఆ తర్వాత సిన్సినాటీలో జర్మన్ పత్రిక నడిపాడు. 1862 ఏప్రిల్‌లో షైలో యుద్ధంలో తన మనుషులు తడబడుతున్నారని గమనించి, గుళ్లు దూసుకువస్తుండగానే వారిచేత కవాతు మైదానంలోలాగా తుపాకీ విన్యాసాలు చేయించాడు. అంతకు ముందు డిసెంబరులో కెంటకీలోని రౌలెట్స్ స్టేషన్ వద్ద మరణించిన తోటివారి కోసం, ఆగస్ట్ బ్లోడ్నర్ అనే సైనికుడు సున్నపురాయి మీద జర్మన్‌లో స్మారకలేఖనం చెక్కాడు. అంతర్యుద్ధ స్మారకాలలో నేటికీ మిగిలినవాటిలో అదే అతి పురాతనమైనదిగా చెబుతారు.

పాతపుటలు:
ఇద్దరికీ ధన్యవాదాలు. మరి ఛాన్సలర్స్‌విల్ యుద్ధంలో జర్మన్లు పారిపోయారన్న అపవాదు మాటేమిటి?

జవాబు (గడియారం):
1863 మే 2 సాయంత్రం, ఉత్తరాది సేనలో జర్మన్ రెజిమెంట్లు చాలా ఉన్న 11వ కోర్ (పెద్ద సేనావిభాగం) సైనికులు వంట పనుల్లో ఉండగా, దక్షిణాది సేనాని స్టోన్‌వాల్ జాక్సన్ సేన అడవిలోంచి వారి కుడి పార్శ్వంపై విరుచుకుపడింది. ఆ పార్శ్వానికి రక్షణ లేదని షుర్జ్ ముందే హెచ్చరించినా, కోర్ అధిపతి హోవర్డ్ తగిన ఏర్పాట్లు చేయలేదు. ఆ కోర్‌లో జర్మనేతర రెజిమెంట్లు కూడా ఎన్నో ఉండగా, కొన్ని జర్మన్ రెజిమెంట్లు నిలబడి పోరాడగా, పత్రికలు మాత్రం నింద మొత్తాన్ని ‘డచ్చివాళ్ల’ నెత్తిన రుద్దాయి. జర్మన్లు తమను తాము ‘డాయిచ్’ అనుకుంటారు. ఆ మాటే అమెరికన్ల నోట ‘డచ్’ అయింది. సేనాని తప్పుకు సిపాయి, అందులోనూ యాస వేరైన సిపాయి, దొరికిపోయాడు. ఈ అవమానం జర్మన్ కుటుంబాలను యుద్ధం ముగిశాక కూడా బాధించింది.

జవాబు (నదిగట్టు):
దక్షిణాదిలో ఉన్నవారిని మరచిపోకండి. టెక్సాస్ కొండప్రాంతంలో స్థిరపడిన జర్మన్లలో యూనియన్ (ఉత్తరాది పక్షం) వైపు మొగ్గినవారు కొందరు, కాన్ఫెడరసీ (విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల కూటమి) సేనలో చేరడం ఇష్టంలేక మెక్సికో దారి పట్టగా, 1862 ఆగస్టు 10న న్యూయెసెస్ నది వద్ద వారి మీద దాడి జరిగింది. గాయపడి పట్టుబడినవారిని కూడా చంపేశారు. వారి అస్థికలను యుద్ధం ముగిసిన తర్వాతే సేకరించి, కంఫర్ట్ అనే ఊరిలో పాతిపెట్టి, 1866లో స్మారకం నిలిపారు. దాని మీది మాటలు కూడా జర్మన్‌లోనే ఉన్నాయి: ‘ట్రోయె డేర్ యూనియన్’, అంటే యూనియన్ పట్ల విధేయత.