కుండీలో చిట్టి గుమ్మడి: పిందెలు పసుపెక్కి రాలిపోతున్నాయి

కుండీలపిచ్చి:
నమస్కారమండీ. బాల్కనీలో 20 లీటర్ల పెయింట్ డబ్బాలో చిట్టి గుమ్మడి (పిడికిలంత కాయ కాసే రకం) విత్తనాలు రెండు పెట్టాను. రెండూ మొలిచాయి. ఒకటి తీసెయ్యడానికి మనసొప్పక రెండూ ఉంచేశాను. ఇప్పటికి 50 రోజులు. తీగలు గ్రిల్ అంతా పాకేశాయి, ఆకులైతే నా అరచేతికి రెండింతలు. మొదటి పది రోజులూ ఉత్త మగపూలే. తర్వాత నాలుగు పిందెలు వచ్చాయి గానీ, గోలీకాయంత అవగానే పసుపెక్కి రాలిపోయాయి. యూరియా పది రోజులకోసారి చిటికెడు వేస్తున్నాను. తేనెటీగ ఒక్కటి కూడా కనిపించదు. చేత్తో పుప్పొడి అద్దుదామని తొమ్మిదిన్నరకి వెళ్తే పూలు ముడుచుకుపోయి ఉంటున్నాయి. ఐదో ఆడమొగ్గ రేపు విచ్చుకునేలా ఉంది. ఒకటే టెన్షన్!

పాదులరాజు:
తొమ్మిదిన్నరంటే పెళ్లయ్యాక భోజనాలకి వెళ్లినట్టు. ఆ పూలు తెల్లారేసరికి విచ్చుకుంటాయి, ఎండెక్కేలోపు ముడుచుకుంటాయి. ఆడపువ్వుకి ఆ ఒక్క పూటే అవకాశం. ఆరింటికి లేవండి. మగపువ్వు కోసి, రేకులు తీసేసి, మధ్యలో పుప్పొడి ఉన్న కాడని ఆడపువ్వు లోపలి భాగమంతా అంటేలా మెల్లగా రాయండి. పువ్వు కింద బుల్లి కాయ ఉంటే ఆడది, ఉత్త కాడే ఉంటే మగది.
యూరియా ఆపెయ్యండి. ఆ ఏనుగు చెవుల్లాంటి ఆకులు దాని పుణ్యమే.

మట్టిచేతులు:
నాకైతే ఆ డబ్బా మీదే కోపం. 20 లీటర్లకి ఒక్క పాదే ఎక్కువ, నేను 40కి తక్కువ పెట్టను. ఒకటి తీసెయ్యండి, కానీ పీకొద్దు. వేళ్లు పెనవేసుకుని ఉంటాయి, రెండోది కూడా కదులుతుంది. మొదలు దగ్గర కత్తెరతో కత్తిరించండి. మధ్యాహ్నం ఆకులు వాడాయని కంగారుపడి నీళ్లు గుమ్మరించకండి. వేలు గుచ్చి చూసి, లోపల పొడిగా ఉంటేనే పోయండి.

కుండీలపిచ్చి:
గుండె రాయి చేసుకుని సాయంత్రం ఒకటి కత్తిరించేశాను. తీరా చూస్తే మగమొగ్గలన్నీ దాని మీదే ఉన్నాయి! మిగిలిన తీగకి ఆ ఒక్క ఆడమొగ్గే. ఇప్పుడేం చెయ్యను?

పాదులరాజు:
ఆ తీగ పారేశారా? లేకపోతే కొస పసుపు తిరిగిన మగమొగ్గలు రెండు మూడు పొడుగు కాడతో కోసి గ్లాసు నీళ్లలో పెట్టండి. రేపటికి విచ్చుకోవాల్సినవి గ్లాసులో కూడా విచ్చుకుంటాయి.

కుండీలపిచ్చి:
చెత్తబుట్టలోంచి తీసి పెట్టాను. మూడింట్లో రెండు విచ్చుకున్నాయండీ! ఆరుంపావుకి పని కానిచ్చాను.

కుండీలపిచ్చి (వారం తర్వాత):
పిందె గోలీకాయ సైజు దాటింది, ఇప్పుడు నిమ్మకాయంత. ఇంకా పచ్చగానే ఉంది. ఎప్పుడు కొయ్యాలి?

మట్టిచేతులు:
అప్పుడేనా! ఇంకో నెల పైనే ఓపిక పట్టండి. తొడిమ ఎండి, గోరు గుచ్చితే తొక్క దిగనప్పుడు కొయ్యాలి. తొడిమ కాస్త ఉంచి కొయ్యండి, నిల్వ ఉంటుంది. ఈలోగా ఆ పాదుని పెద్ద టబ్బులోకి మారుద్దామని మాత్రం అనుకోకండి. వేళ్లు కదిపితే దానికి అస్సలు గిట్టదు.