సమస్యాపూరణం: బొమ్మ కడుపులోన బువ్వ దొరికె

నిర్వాహకులు (రామచంద్రపురం):
ఈ వారం సమస్య, అంటే మీరు పై మూడు పాదాలు రాసి పూరించాల్సిన చివరి పాదం, ఆటవెలది పద్యంలో నాలుగోది.

బొమ్మ కడుపులోన బువ్వ దొరికె

బొమ్మ, లోన, బువ్వ హగణాలు (గురువు, లఘువు). కడుపు, దొరికె నగణాలు (మూడు లఘువులు). ఈ రెండూ సూర్యగణాలే. యతి, అంటే పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ మైత్రి, బొ–బు. బొమ్మ తినదు కదా, దాని కడుపులోకి బువ్వ ఎలా వచ్చిందన్నది చిక్కు. పద్యాల విషయం మాత్రం ఒక్కటే: వానలకు గడప దాటలేని కుక్కపిల్లను ఇంట్లో ఆడించే బొమ్మలు. ధవళేశ్వరం దగ్గర గోదావరి నీరు 17.75 అడుగులకు చేరి మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేసినప్పుడు లంక గ్రామాల్లో పిల్లలకే కాలక్షేపం ఉండదు, ఇక కూనల సంగతి చెప్పాలా? ఛందస్సుతో పాటు చెప్పిన మాటలో నిజాన్నీ పరీక్షిస్తాం. పద్యం చదివి ఎవరైనా అలాగే చేస్తే కుక్కపిల్లకు హాని కలగకూడదు.

ముమ్మిడివరం:
వాన పడిన వేళ వాకిట చిరుకూన
చెప్పు కొరుకుచుండ జేరదీసి
యమ్మ పెరుగుకూడు నందించె బంతిలో
బొమ్మ కడుపులోన బువ్వ దొరికె

యానాం:
మూడో పాదంలో యతి ఎక్కడుందండీ? అ-కు న-తో మైత్రి లేదు కదా?

నిర్వాహకులు:
'కూడును అందించె' కలిసి 'కూడునందించె' అయింది. న-లో దాగిన అ-కే యతి. 'చేరదీసి యమ్మ' దగ్గర యడాగమం (అచ్చుకు ముందు య చేరడం) కూడా చక్కగా పాటించారు. చెప్పు లాక్కొని కొట్టకుండా, కొరకడానికి మరొకటి అందించిన అమ్మ నాకు ఎంతో నచ్చింది.

బోలు రబ్బరు బొమ్మల్లో కాంగ్ పేరు చాలామంది వినే ఉంటారు. 1970లలో అమెరికాలో జో మార్కమ్ అనే ఆయన పెంచిన జర్మన్ షెపర్డ్ కుక్క, పేరు ఫ్రిట్జ్, రాళ్ళు కొరికి పళ్ళు పాడుచేసుకునేది. ఫోక్స్‌వ్యాగన్ వ్యానుకు చెందిన ఒక రబ్బరు విడిభాగం దానికి తెగ నచ్చింది. ఆ బొమ్మ అలా పుట్టింది. కొనేటప్పుడు రెండు వైపులా రంధ్రం ఉందో లేదో చూడండి. ఒకే రంధ్రం ఉంటే లోపల గాలి పీల్చుకుపోయి నాలుక ఇరుక్కునే ప్రమాదం ఉంది. పెరుగన్నంలో ఉప్పు, తాలింపు వద్దు. మన దగ్గరి ఉక్కకు అది త్వరగా పులుస్తుంది కాబట్టి ఆట అయ్యాక బొమ్మను వేడినీళ్ళతో కడగాలి. పళ్ళు వచ్చే వయసులో అయితే నింపిన బొమ్మను ఫ్రీజర్‌లో పెట్టి ఇస్తే చిగుళ్ళకు చల్లగా ఉంటుంది, ఆటా ఎక్కువసేపు సాగుతుంది.

అంబాజీపేట:
కోనసీమ తోట కొబ్బరి పీచుతో
బంతి చుట్టినాడు పల్లె తాత
కుక్కపిల్ల చీల్చి కొరికి లో వెదకగా
బొమ్మ కడుపులోన బువ్వ దొరికె

నిర్వాహకులు:
ఛందస్సులో వేలు పెట్టడానికి చోటు లేదు. కో–కొ, బ–ప, కు–కొ, మూడు యతులూ నిలిచాయి. ఊరి వాసన కూడా ఉంది. కానీ 'చీల్చి' దగ్గర నాకు భయం వేసింది. భీమవరం డాక్టరు గారూ, మీరు చెప్పండి.

భీమవరం (పశువైద్యులు, విశ్రాంత):
మీ భయం సరైనదే. చీల్చిన పీచును కూన ఉమ్మదు, మింగుతుంది. పొడవాటి పోగు పేగుల్లో చిక్కుకుంటే ఒక్కోసారి శస్త్రచికిత్స వరకూ పోతుంది. పీచు మానేసి చిప్ప ఇస్తామంటే అదీ వద్దు. పాలపళ్ళు 28 ఉంటాయి, నాలుగో నెల అటూ ఇటూగా ఊడి, క్రమంగా 42 శాశ్వత దంతాలు వస్తాయి. ఆ దశలో కొబ్బరి చిప్ప, ఎండు ఎముక లాంటివి కొరికితే పన్ను విరుగుతుంది. బొమ్మ మీద బొటనవేలి గోరుతో నొక్కండి. కాస్తయినా నొక్కు పడకపోతే కొనవద్దు. నోట్లో పూర్తిగా పట్టేంత చిన్నదీ వద్దు, గొంతుకు అడ్డం పడుతుంది. లోపల వేరుశనగ వెన్న పూసేవారు డబ్బా మీద జైలిటాల్ ఉందేమో చదవాలి. ఆ తీపి పదార్థం కుక్కలకు విషం. చేప పెడితే ఉడికించి, ముల్లు ఒక్కటి కూడా లేకుండా తీసి పెట్టాలి.

మండపేట:
పాత తువ్వాలు పరచి మెతుకు చల్లి
చుట్ట చుట్టి రెండు చోట్ల కట్టి
ముడులు వేయగానె ముద్దైన బొమ్మాయె
బొమ్మ కడుపులోన బువ్వ దొరికె

నిర్వాహకులు:
అమ్మా, మీ ఊహ ఈ వారం వచ్చిన వాటిలో అన్నిటికంటే చవకైనది, ఇంటింటా వీలైనది. మొదటి పాదంలో మాత్రం రెండో గణం 'తువ్వా' రెండు గురువులై కూర్చుంది, సూర్యగణం కాలేదు. 'పాత తుండుగుడ్డ పరచి మెతుకు చల్లి' అనండి. గణాలూ కుదురుతాయి, పా–ప యతీ నిలుస్తుంది. మెతుకుల బదులు పొడి దాణా గింజలు వేస్తే గుడ్డ మురికి కాదు. అవి రోజువారీ తిండిలోంచే తీయాలి, లేకపోతే కూన లావెక్కుతుంది. దారాలు ఊడిన గుడ్డ పనికిరాదు. ఆట సాగినంతసేపూ పక్కన మనిషి ఉండాలి.

రాజోలు:
తొలుత గెలువనిమ్ము, తోడనే కష్టమ్ము
పెట్ట విసిగిపోవు పిల్ల మనసు
దారి తెలిసినంత తానె తోకాడించె
బొమ్మ కడుపులోన బువ్వ దొరికె

యానాం:
మొదటి రెండు పాదాల్లో యజమానికి బోధ, మూడో పాదంలో కుక్కపిల్ల కథ. 'తానె' ఎవరో తేలడం లేదండీ.

నిర్వాహకులు:
'పిల్ల మనసు' ముందే వచ్చింది కాబట్టి 'తానె' ఆ పిల్లకే చెందుతుంది. నాకు అతుకు కనిపించలేదు. బొమ్మల ఎంపికలో అందరూ మరిచే విషయం ఈ పద్యంలోనే దొరికింది. స్వీడన్‌కు చెందిన నీనా ఒట్టోసన్ రూపొందించిన బొమ్మల్లో మూతలు జరిపి, గడులు తెరిచి తిండి తీసుకోవాలి. వాటికి కష్టాన్ని బట్టి మెట్లు ఉంటాయి. పిల్ల తెలివైనదన్న మురిపెంతో పై మెట్టు బొమ్మ కొంటే అది రెండుసార్లు గీకి, మొరిగి, చివరకు బొమ్మనే కొరుకుతుంది. మొదటిరోజు మూత తెరిచే ఉంచండి. తిండి కళ్ళెదుట కనిపించాలి. తర్వాత సగం మూయండి.

అంబాజీపేట:
డాక్టరు గారి మాట విని మార్చాను.

కొట్టులోన దొరుకు గుల్ల రబ్బరు బంతి
తాత తెచ్చినాడు తగినదరసి
కుక్కపిల్ల తోసి కొట్టి లో వెదకగా
బొమ్మ కడుపులోన బువ్వ దొరికె

నిర్వాహకులు:
'చీల్చి కొరికి' పోయి 'తోసి కొట్టి' వచ్చింది, పద్యంలోని ప్రమాదమూ పోయింది. కొ–గు యతి కూడా ఒప్పు. 'తగినదరసి' అన్న ఒక్క మాటలో కొలత, మెత్తదనం, రంధ్రాలు అన్నీ చూసి కొన్నాడన్న అర్థం ఇమిడింది. కొబ్బరితోట పోయినందుకు కొంచెం బాధగా ఉంది. మొదటి పాదంలోకి దాన్ని మళ్ళీ తేగలరేమో ప్రయత్నించండి, ఆదివారం వరకు గడువు ఉంది.