1:24 అంబాసిడర్ చాసిస్: ఇరుసు చెవి ఊడింది, పలక వంగింది

పెరంబూరు ఫిట్టర్:
చెన్నైలోని రైలు పెట్టెల కర్మాగారం ఐసీఎఫ్‌లో ముప్ఫై రెండేళ్లు ఫిట్టరుగా చేసి రిటైరయ్యాను. ఇనుము గురించి నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఈ ప్లాస్టిక్ మాత్రం నా మాట వినడం లేదు.

మనవడికి రిమోట్‌తో నడిచే అంబాసిడర్ చేస్తున్నాను. అసలు కారు వీల్‌బేస్, అంటే ముందు వెనక ఇరుసుల మధ్య దూరం, 2464 మిల్లీమీటర్లు; 1:24లో, అంటే ఇరవై నాలుగో వంతుకు, దాదాపు 102.7. బాడీ మూర్ మార్కెట్‌లో పాత బొమ్మల మధ్య దొరికింది. చాసిస్, అంటే కింది చట్రం, నేనే గీసి, ఒక దుకాణంలో పీఎల్ఏ అనే ప్లాస్టిక్‌తో త్రీడీ ప్రింట్ తీయించాను. పలక మందం 2 మిల్లీమీటర్లు. వెనక ఇరుసుకు రెండు చెవులు, వాటిలో 3 మిల్లీమీటర్ల రంధ్రాలు. ఇరుసు కూడా సరిగ్గా 3 మిల్లీమీటర్ల ఉక్కు కడ్డీయే. అయినా దూరలేదు. చిన్న సుత్తితో తట్టాను. ఉల్లిపాయ పొరలా చెవి అడ్డంగా ఊడివచ్చింది.

అతికించి, మే నెల ఎండలో అల్లుడి కారు డాష్‌బోర్డు మీద మరిచిపోయాను. సాయంత్రానికి అరటికాయలా వంగింది. దుకాణం కుర్రవాడు తప్పు నా డ్రాయింగుదే అంటున్నాడు. ఇదంతా వదిలేసి అల్యూమినియం రేకు కోసుకోమంటారా?

వేళచ్చేరి మోడలర్:
రేకు వద్దు పెద్దాయనా, దారిలోనే ఉన్నారు. ప్రింట్‌లో రంధ్రం ఎప్పుడూ గీసినదానికంటే కాస్త ఇరుకుగానే వస్తుంది. నిలబెట్టిన చెవిలో అయితే పైభాగం జారి గుండ్రతనం కూడా పోతుంది. 2.8 గీసి, 3 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్‌ను చేత్తో తిప్పుతూ సరిచేయండి. సుత్తి ముట్టుకోవద్దు. ప్రింటర్ ప్లాస్టిక్‌ను పొర మీద పొరగా పేరుస్తుంది; పొరకూ పొరకూ మధ్య పట్టు తక్కువ, మీ కడ్డీ అక్కడ చీలకలా పనిచేసింది. చెవులను విడిగా, పడుకోబెట్టి ప్రింట్ తీయించి ఎం2 (2 మిల్లీమీటర్ల) స్క్రూలతో బిగించండి.

వంగడానికి కారణం ఎండే. పీఎల్ఏ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది, మన ఊళ్లో మూసిన కారుకు అదొక లెక్కా? పీఈటీజీ అనే ఇంకో ప్లాస్టిక్ అయితే 80 దాకా ఓర్చుకుంటుంది.

తాంబరం టీచరమ్మ:
ప్రతిసారీ చాసిస్ మొత్తం తీయించకండి బాబాయిగారూ. చెవి ఒక్కటే రకరకాల కొలతలతో తీయించి ఇరుసు పెట్టి చూడండి. పది నిమిషాల పని, పిసరంత ప్లాస్టిక్. పలకకు రెండు అంచుల్లో 4 మిల్లీమీటర్ల ఎత్తు పట్టీలు నిలబెడితే మెలి తిరగదు. ఇంకో మాట, ఏమీ అనుకోకండి: అంబాసిడర్‌కు విడి చాసిస్ ఉండదు, బాడీయే బరువు మోస్తుంది.

పెరంబూరు ఫిట్టర్:
ఉండదని తెలుసమ్మా. బొమ్మ బాడీకి మోటారు మోసే శక్తి లేక ఈ తిప్పలు.

ఆరు చెవులు తీయించాను. 2.8 గీసి డ్రిల్ తిప్పినది బిగుతైంది, ఇరుసు తిరగడం లేదు. 3.2 గీసినది ఏమీ చేయకుండానే హాయిగా తిరుగుతోంది, ఊపితే కాస్త చప్పుడు తప్ప. అదే ఖాయం చేశాను. అంచు పట్టీలతో కొత్త పలక పీఈటీజీలో వచ్చింది. గాజు పలక మీద పెడితే మూడు చక్రాలు ఆనాయి. ముందు ఎడమది మాత్రం అర మిల్లీమీటరు లేస్తోంది. చెవికీ పలకకూ మధ్య కాగితం మడిచి దూర్చి చూశాను, సరిపోయింది. అక్కడ వాషరు వేయనా, చెవి మళ్లీ తీయించనా?

వేళచ్చేరి మోడలర్:
ముందు స్క్రూలన్నీ వదులు చేసి, గాజు మీదే పెట్టి ఎదురెదురు మూలలుగా బిగించి చూడండి. అప్పటికీ లేస్తే వాషరు.