సమస్య: “చచ్చిపోయి కూడ సాగుచుండె”

నిర్వాహకురాలు: ఈ వారం ఆటవెలది. విషయం ఎం1, మనం క్రాబ్ నెబ్యులా అనేది, అంటే పేలిపోయిన ఒక చుక్క మిగిల్చిన వాయుమేఘం. వృషభంలో దక్షిణపు కొమ్ము కొసన ఉన్న చుక్క పక్కనే ఉంటుంది, చిన్న టెలిస్కోపుకి కెమెరా తగిలించినా చిక్కుతుంది. శవాలూ దెయ్యాలూ వద్దు, ఆకాశం దాటొద్దు.

ఎర్రరోహిణి:

వేయియేండ్ల నాఁడు వృషభరాశినిఁ బేలి
పట్టపగటివేళ బయలుపడియె
నాఁటి చుక్క, యొడలు నలుదెసలకుఁ జిమ్మి
చచ్చిపోయి కూడ సాగుచుండె

1054 జులైలో కనబడి 23 రోజులు పగలే మెరిసిందని చైనా వాళ్లు రాసిపెట్టిన చుక్క ఇదే. రాజమహేంద్రవరంలో రాజరాజనరేంద్రుడు ఏలుతున్న రోజులవి!

గణపరీక్ష: వే–వృ యతి చక్కగా కుదిరిందండీ. “బేలి” మాత్రం ఒప్పుకోను. అది దాదాపు 6,500 కాంతి సంవత్సరాల దూరం, కాబట్టి పేలింది అంతకు వేల ఏళ్ల ముందే, వెయ్యేళ్ల కిందట మనకు అందింది దాని వెలుగు. “వృషభరాశిని వెల్గి” అనండి, గణాలూ చెడవు, మాటా నిజమవుతుంది.

పొలంలోటెలిస్కోపు:

పాత పటముమీఁదఁ బఱచి చూడఁగ నేఁటి
క్రొత్త పటము, పొగల కొసలు జరిగె
కంటి కందనట్టి కదలికతోఁ జుక్క
చచ్చిపోయి కూడ సాగుచుండె

ఇది ఊహ కాదు. వాయువు సెకనుకు సుమారు 1,500 కి.మీ. వేగంతో విచ్చుకుంటున్నా, ఇంత దూరం నుంచి మనకది ఏడాదికి 0.15 ఆర్క్ సెకన్లే (డిగ్రీలో 3,600వ వంతు ఒక ఆర్క్ సెకను), పదేళ్లకు ఒకటిన్నర. చుట్టుపక్కల నక్షత్రాలు ఒకదానిమీద ఒకటి పడేలా రెండు ఫొటోలనూ సర్ది, మార్చి మార్చి చూస్తుంటే ఎర్రటి పోగుల కొసలు బయటికి జరగడం తెలిసిపోతుంది. రెండుసార్లూ ఒకే హైడ్రోజన్ ఆల్ఫా ఫిల్టర్ (హైడ్రోజన్ ఇచ్చే ఎర్రటి వెలుగునే పోనిచ్చేది) వాడాలి, లేకపోతే వెలుగులో తేడానే కదలిక అనుకుంటాం.

గణపరీక్ష: నా ఓటు దీనికే. “పొగల కొసలు జరిగె” అనేది ఫొటో ముందు కూర్చుని గంటలు గడిపినవాళ్లకే తట్టే మాట. “నేఁటి క్రొత్త” పునరుక్తి, “చూడఁగ నొక్క” అంటే సరిపోతుంది.

ఎర్రరోహిణి: చాలా బాగుందండీ. కానీ నడిమధ్యలో పల్సార్, అంటే ఆ చుక్క పేలాక మిగిలిన చిన్న గట్టి గుండె, సెకనుకు 30 సార్లు గిర్రున తిరుగుతోంది, ఫొటోలో పోగుల లోపల కనబడే నీలపు మసక దాని చలవే. అది నా పద్యంలోనూ లేదు, మీ దాంట్లోనూ లేదు.

నిర్వాహకురాలు: ఆదివారం దాకా గడువుంది. పల్సార్ మీద ఒక్క పూరణైనా రావాలి.