ఏడాస్ ఉన్న సెకండ్ హ్యాండ్ కరెంటు కారుకి లక్షన్నర ఎక్కువ పెట్టొచ్చా? (జయపురం – విశాఖ, ఘాట్ రోడ్డు)

జయపురం మందులకొట్టు
అందరికీ నమస్తే. ఒడిశా జయపురంలో మాది మందుల షాపు. వారానికోసారి, ఒక్కో వారం రెండుసార్లు విశాఖ వెళ్ళి సరుకు చూసుకుని అదే రాత్రి తిరిగొచ్చేస్తుంటాను. ఉన్న డీజిల్ కారు పదకొండేళ్ళది, ఇక దానికి పెట్టే డబ్బు దండగని ఈవీ చూస్తున్నా. విశాఖలో ఒక డీలర్ దగ్గర రెండు బళ్ళున్నాయి. రెండూ ఒకే మోడల్, 2023వే, 50 యూనిట్ల బ్యాటరీ. మామూలుది 11.90 లక్షలు. ఏడాస్ (కెమెరా, రాడార్లతో డ్రైవర్‌కి సాయపడే ఏర్పాటు) లెవెల్ 2 ఉన్నది 13.40, 38 వేల కిలోమీటర్లు తిరిగింది. ముందు బండిని చూసి తనే స్పీడ్ తగ్గించుకోవడం, గీతల మధ్య ఉండటం, ఎదురుగా ఏదైనా అడ్డొస్తే తనే బ్రేకు వేయడం, ఇవన్నీ ఉన్నాయట. పైన 18 శాతం జీఎస్టీ అంటున్నాడు. మన సాలూరు ఘాట్‌లో ఇవి పనికొస్తాయా? కంపెనీ పేరు కావాలనే రాయట్లేదు, రాస్తే చర్చంతా దాని మీదే పోతుంది.

సున్కీ స్టీరింగ్
దండగ.

సున్కీ స్టీరింగ్
ఒక్క ముక్కలో చెప్తే బాగోదేమో, వివరంగా రాస్తా. ఇరవై రెండేళ్ళుగా ఈ రోడ్డు మీద బండి నడుపుతున్నా. సాలూరు దాటి ఘాట్ ఎక్కాక తెల్ల గీత ఎక్కడుందో చూపించు బాబూ. సగం చోట్ల చెరిగిపోయింది, మిగతా సగం మట్టి కింద ఉంది. గీత లేకపోతే కారు దేని మధ్య నడుస్తుంది? మలుపు తిరిగితే మేకల మంద, దాని వెనక జనాన్ని ఎక్కించుకున్న జీపు, దాని వెనక బాక్సైట్ లారీ. ఈ సెన్సార్లు హైదరాబాద్ ఓఆర్ఆర్ మీద చూసుకోవాలి, పొట్టంగిలో కాదు.

గుణుపురం లెక్క
18 శాతం అంటే 13.40 మీద 2,41,200. మొత్తం 15.81 అవుతుంది. ఆ డబ్బుకి ఇంకాస్త వేసి కొత్తదే తీసుకో.

సునాబెడ యూనిట్
స్టీరింగ్ గారూ, మీరు చెప్పింది సగమే నిజం. లేన్ పట్టుకునేది ఘాట్‌లో పని చెయ్యదు, ఒప్పుకుంటా. చాలా బళ్ళలో అది 60 దాటితేగానీ మేలుకోదు, ఘాట్‌లో మనం పోయేది 30లో. కానీ ఏడాస్ అంటే లేన్ ఒక్కటే కాదు కదా. ఎమర్జెన్సీ బ్రేకు తక్కువ స్పీడులో కూడా పడుతుంది. జయపురం నుంచి విశాఖ 220 కిలోమీటర్లకు పైనే, అందులో ఘాట్ ఎంత? సాలూరు నుంచి రామభద్రపురం, గజపతినగరం, విజయనగరం అంతా మైదానమే. అక్కడ పనికొస్తుంది. రేపు రాయ్‌పూర్ – విశాఖ ఆరు లైన్ల రోడ్డు పూర్తయితే చెప్పక్కర్లేదు.

నేను రెండేళ్ళ నుంచి ఈవీ నడుపుతున్నా కాబట్టి ఒక లెక్క చెప్తాను. సాలూరు నుంచి కోరాపుట్‌కి సుమారు 700 మీటర్ల ఎత్తు తేడా. 1,700 కిలోల బండిని అంత ఎత్తుకి లేపడానికే మూడు యూనిట్ల పైచిలుకు పోతుంది, రోడ్డు మీద మామూలుగా అయ్యే ఖర్చు దీనికి అదనం. దిగేటప్పుడు అందులో కొంత రీజెన్‌లో, అంటే మోటారే బండిని ఆపుతూ కరెంటు తయారుచేసి, బ్యాటరీలోకి వెనక్కి వస్తుంది. కానీ ఘాట్ మీద ఊళ్ళోనే నూటికి నూరు నింపుకుని దిగడం మొదలుపెడితే రీజెన్ సరిగా పనిచెయ్యదు, బ్యాటరీలో చోటుండదు కదా, భారమంతా మామూలు బ్రేకుల మీద పడుతుంది. 85, 90 దగ్గర ఆపేసుకుని బయల్దేరండి.

పొట్టంగి పొగమంచు
డిసెంబర్ ఉదయం మా ఊరు రండి. మీ కెమెరాకి బోనెట్ కూడా కనపడదు.

రాయగడ రాజీ
లెక్క గారూ, 18 శాతం బండి ధర మీద కాదండీ. 2024 డిసెంబర్‌లో జైసల్మేర్ జీఎస్టీ కౌన్సిల్‌లో సెకండ్ హ్యాండ్ ఈవీలకు 12 నుంచి 18 చేశారు, అదీ డీలర్ లాభం మీదే. వాడు 12.60కి కొని 13.40కి అమ్మితే లాభం 80 వేలు, దాని మీద 14,400. మనిషి దగ్గర నుంచి మనిషి నేరుగా కొనుక్కుంటే అసలు లేదు.

గుణుపురం లెక్క
మా బావమరిదికి మొత్తం మీదే వేశారు. అతను నాకు అబద్ధం చెప్పడు.

రాయగడ రాజీ
అయితే ఆ డీలర్ మీ బావమరిదికి అబద్ధం చెప్పాడు.

సరే, అసలు సంగతి. నేను రెండేళ్ళ నాటి ఈవీ కొన్నాను, మీరు చెయ్యకూడని తప్పు ఒకటి చేశాను. బండి నా పేరు మీదకి వచ్చింది గానీ యాప్ మాత్రం పాత ఓనర్ ఫోన్‌లోనే ఉండిపోయింది. మూడు నెలలు ఆయనకి నా కారు ఎక్కడుందో తెలుస్తోంది. ఒకరోజు మా పుట్టింటి దగ్గర ఆపి ఉంటే దానంతటదే ఏసీ ఆన్ అయింది, ఆయన మనవడు ఫోన్‌తో ఆడుకుంటున్నాడట! సర్వీసు సెంటర్ చుట్టూ ఎన్నిసార్లు తిరిగానో. డబ్బు ఇచ్చే ముందే ఆయన ఫోన్‌లోంచి తీసేయించి మీ ఫోన్‌లో వేయించుకోండి. అమెరికాలో 2020లో ఇంకా ఘోరం, ఒకాయన సెకండ్ హ్యాండ్ టెస్లా మోడల్ ఎస్ కొంటే అందులో ఉన్న సెల్ఫ్ డ్రైవింగ్‌ని కంపెనీ దూరం నుంచే తీసేసింది. గొడవ పేపర్లకెక్కాక మళ్ళీ ఇచ్చారు. ఇనుము మనదే గానీ సాఫ్ట్‌వేర్ ఎవరిదో ముందు తేల్చుకోవాలి.

సునాబెడ యూనిట్
ఇదీ పనికొచ్చే మాట. దీనికి ఇంకొన్ని కలుపుతా. ఏడాస్ కెమెరా ముందు అద్దం వెనక, లోపలి మిర్రర్ దగ్గర ఉంటుంది. రాడార్ ముందు బంపర్ వెనక. అద్దం మార్చినా బంపర్ మార్చినా మళ్ళీ కాలిబ్రేషన్ చెయ్యాలి, లేకపోతే అది చూసేది ఒకచోట, బండి ఉండేది ఇంకోచోట. అద్దం మూల చిన్న ముద్ర ఉంటుంది, పక్క అద్దాల ముద్రతో కలుస్తుందో లేదో చూడండి. బ్యాటరీ ఆరోగ్యం సర్వీసు సెంటర్లో రిపోర్టు తీయించండి, డీలర్ చూపించే వాట్సాప్ ఫోటో నమ్మొద్దు. కొన్ని కంపెనీలు లైఫ్ టైమ్ బ్యాటరీ వారంటీ అని ఊదరగొడతాయి, అది మొదటి ఓనర్‌కే, మీ దగ్గరికి వచ్చేసరికి ఏళ్ళూ కిలోమీటర్లూ లెక్క పెడతారు. ఇంకోటి, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్ని కార్లు మునిగాయో మనకి తెలుసు. అలాంటివి ఊరు మారి, రంగు తేలి అమ్మకానికి వస్తాయి. సీటు బెల్టు మొత్తం బయటికి లాగి చూడండి, చివర బురద మరక ఉంటుంది. ఇన్సూరెన్స్ క్లెయిమ్ చరిత్ర అడగండి. ఆంధ్రా రిజిస్ట్రేషన్ కాబట్టి అక్కడ నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న కాగితం) తెచ్చుకుని మన కోరాపుట్ జిల్లా ఓడీ 10 నంబర్ వేయించుకోవాలి, ఏడాది దాటితే ఎలాగూ తప్పదు.

సున్కీ స్టీరింగ్
ఇన్ని చూసుకుని, ఇన్ని కాగితాలు తిరిగి, చివరికి ఆ కారు ఏం చేస్తుంది? పీప్ పీప్ అంటుంది. లెవెల్ 2 అంటే ఏమిటో మీరే చెప్పండి మాస్టారూ, యాక్సిడెంట్ అయితే ఎవరిది తప్పు?

సునాబెడ యూనిట్
నడిపేవాడిదే. చేతులు స్టీరింగ్ మీద, కళ్ళు రోడ్డు మీద ఉండాలి. పుస్తకంలో స్పష్టంగా రాసుంటుంది.

సున్కీ స్టీరింగ్
మరి లక్షన్నర ఎందుకు?

సునాబెడ యూనిట్
మీకు ఎందుకంత కోపమో నాకు అర్థమైంది. కార్లు తమంతట తాము నడిస్తే డ్రైవర్ల పొట్ట కొడుతుందని. కంగారు పడకండి, డ్రైవర్ లేని కార్లను మన దేశంలోకి రానివ్వనని గడ్కరీ గారే 2023లో చెప్పారు, లక్షల మంది ఉద్యోగాలు పోతాయని.

పొట్టంగి పొగమంచు
అయిపోయింది. ఇక చూసుకోండి.

సున్కీ స్టీరింగ్
పొట్ట గురించి మాట్లాడారు కాబట్టి చెప్తా. నాకు ఏ కారన్నా భయం లేదు. నాకు కోపం ఎందుకంటే, డ్రైవర్‌కి రోజుకి వెయ్యి ఇవ్వమంటే మనసొప్పదు, సెన్సార్లకి మాత్రం లక్షలు పోస్తారు. 2019లో నేను ఒకరి దగ్గర జీతానికి ఉండేవాణ్ణి. పగలంతా భువనేశ్వర్ నుంచి నడిపించారు, రాత్రి పది గంటలకి జయపురంలో దింపాక, ఇప్పుడే విశాఖ ఎయిర్‌పోర్టుకి వెళ్ళాలన్నారు. నిద్రొస్తోంది అయ్యా అని చెప్పాను. టీ తాగు అన్నారు. ఘాట్ దిగాక కల్వర్టు గోడకి కొట్టాను. దేవుడి దయ, ఎవరికీ ఏమీ కాలేదు. స్టేషన్‌లో ఆయన ఏమన్నాడో తెలుసా, డ్రైవర్ నిద్రపోయాడండీ, అంతే. టీ తాగమన్న మాట ఎక్కడా లేదు. ఇప్పుడు మీరు చెప్పే కారూ అంతే, పీప్ అన్నాను కదా అంటుంది, తప్పు మళ్ళీ స్టీరింగ్ పట్టుకున్నవాడిదే.

సునాబెడ యూనిట్
మీకు కల్వర్టు. మాకు మా అమ్మ కాలు. 2021లో అద్దె కారులో వస్తుంటే రామభద్రపురం దగ్గర డ్రైవర్ కునుకు తీశాడు, ఆగి ఉన్న లారీ వెనక దూరింది. అమ్మ ఇప్పటికీ కర్ర పట్టుకునే నడుస్తుంది. ఆ కారులో ఎమర్జెన్సీ బ్రేకు ఉండుంటే, పూర్తిగా ఆగకపోయినా కాస్త మెల్లగా తగిలేది. నాకు గీతలూ మేకలూ అక్కర్లేదు, ఆ ఒక్క బ్రేకు చాలు.

సున్కీ స్టీరింగ్
అమ్మగారి సంగతి విన్నాక బాధగా ఉంది. ఒక్కటి అడుగుతా, తప్పుగా అనుకోకండి. అతను ముందు రాత్రి నిద్రపోయాడా?

సునాబెడ యూనిట్
పెళ్ళి నుంచి వస్తున్నాం. ముందు రోజు రాత్రి కూడా అతనే తీసుకెళ్ళాడు.

రాయగడ రాజీ
ఈ మాట రావడానికి ఇన్ని మెసేజులు పట్టింది.

జయపురం మందులకొట్టు
రెండు రోజుల నుంచి చదువుతూ ఊరుకున్నాను, ఇప్పుడు చెప్పకపోతే బాగోదు. మొదటి పోస్టులో ఒకటి దాచాను. గత నెల తిరిగొస్తూ రాత్రి పన్నెండు దాటాక సాలూరు ముందు నేనూ కునుకు తీశాను. మేలుకునేసరికి రోడ్డు దిగి మట్టిలో ఉన్నాను, పది అడుగుల అవతల టీ కొట్టు. మూసి ఉంది కాబట్టి సరిపోయింది. ఇంట్లో టైరు పంక్చరన్నాను. ఏడాస్ ఉన్నదే ఎందుకు చూస్తున్నానో ఇప్పుడు అర్థమైందనుకుంటా.

సునాబెడ యూనిట్
అయితే ఆలోచించడానికేముంది, తీసుకోండి. డ్రైవర్ మత్తుగా ఉన్నాడని హెచ్చరించేది కూడా ఉందేమో చూడండి. అందులో ఒక్క రాత్రి పనికొచ్చినా లక్షన్నర వచ్చేసినట్టే.

సున్కీ స్టీరింగ్
నేను ఒప్పుకోను. ఆ కారు ఉంటే నువ్వు ఇంకా ఎక్కువసార్లు రాత్రిపూట వస్తావు, అది ఉంది కదా అని. 2016లో ఫ్లోరిడాలో టెస్లా ఆటోపైలట్ మీద నడుస్తూ అడ్డంగా వచ్చిన లారీ కిందకి పోయింది, నడిపేవాడు దాన్ని నమ్ముకున్నాడు. నిద్ర ముంచుకొస్తే పీప్ పీప్ కూడా కలలోనే వినిపిస్తుంది, నా మాట నమ్ము. విశాఖ నుంచి రాత్రి కిరండూల్ ఎక్స్‌ప్రెస్ ఉంది. పడుకుని రా. సరుకు లారీలో వేయించుకో, సాలూరు నిండా లారీలే.

సునాబెడ యూనిట్
వర్షాకాలం ఆ లైన్లో కొండచరియలు పడితే? అప్పుడు మళ్ళీ కారే కదా. మనిషి తప్పు చేస్తాడు అని ఒప్పుకుని దానికి ఒక అడ్డు కట్టుకోవడంలో నామోషీ ఏముంది?

సున్కీ స్టీరింగ్
నామోషీ లేదు. తప్పు జరగకముందే ఇంట్లో పడుకుంటే అడ్డు అక్కర్లేదు అంటున్నా.

పర్లాకిమిడి పాప
ఇద్దరూ ఒకే మాట చెప్తున్నట్టుంది నాకు.

సునాబెడ యూనిట్
కాదమ్మా.

సున్కీ స్టీరింగ్
కాదు.

జయపురం మందులకొట్టు
శనివారం వెళ్ళి చూసొచ్చాను. ఏడాస్ బండి ముందు అద్దం ముద్ర పక్క అద్దాలతో కలవలేదు, మార్చిన అద్దమే. కాలిబ్రేషన్ కాగితం చూపించమంటే డీలర్ అదేంటి సార్ అన్నాడు. సీటు బెల్టు శుభ్రంగానే ఉంది. నడిపి చూశాను, మద్దిలపాలెం దగ్గర ముందు ఏమీ లేకుండానే ఒకసారి బ్రేకు పడింది, వెనకాయన హారన్ మోత. వద్దన్నాను. మామూలు వేరియంట్ బ్యాటరీ రిపోర్టు సోమవారం ఇస్తారు. ఇంట్లో ఛార్జింగ్ పెట్టుకోవాలంటే ఎర్తింగ్ చెక్ చేయించుకోవాలి, ఎలక్ట్రీషియన్ చూసి నవ్వాడు.

సున్కీ స్టీరింగ్
రాత్రి ఎందులో వచ్చావు?

జయపురం మందులకొట్టు
డీజిల్ కారులోనే అన్నా. సాలూరు పెట్రోల్ బంకులో సీటు వెనక్కి వాల్చి పడుకున్నా, తెల్లారాక ఘాట్ ఎక్కా. మెడ పట్టేసింది.

గుణుపురం లెక్క
ఇంతకీ మామూలు వేరియంట్‌కి జీఎస్టీ దేని మీద వేస్తున్నాడు?