ఘట్‌కేసర్ నుంచి నానక్‌రాంగూడకు ఔటర్ రింగు రోడ్డు: ఏ వైపు నుంచి వెళ్ళాలి?

ప్రశ్న – తూర్పువైపు వాసి

నమస్కారం. హైదరాబాద్‌కు తూర్పున ఉన్న ఘట్‌కేసర్‌లో ఇల్లు తీసుకోవాలని అనుకుంటున్నాము. నా కార్యాలయం పడమటి వైపు నానక్‌రాంగూడలో ఉంది. పటంలో చూస్తే శామీర్‌పేట, పటాన్‌చెరుల మీదుగా వెళ్ళినా, పెద్ద అంబర్‌పేట, శంషాబాద్‌ల మీదుగా వెళ్ళినా దూరం ఇంచుమించు ఒకటేలా కనిపిస్తోంది. ఏది మేలో తెలిసినవారు చెప్పగలరు. నగరం చుట్టూ వలయంలా తిరిగే ఈ ఔటర్ రింగు రోడ్డు ఎప్పుడు, ఏ క్రమంలో వచ్చిందో కూడా తెలుసుకోవాలని ఉంది, ఎందుకంటే రెండు వైపులా రోడ్డు ఒక్కటే అయినా పడమటి వైపున్న సందడి మా వైపు కనిపించదు.

జవాబు – పాత రోడ్ల అభిమాని

అయ్యా, మీ సందేహానికి సమాధానం ఆ క్రమంలోనే ఉంది. నగరంలోకి రానవసరం లేని లారీలు ఒక జాతీయ రహదారి నుంచి మరొకదానికి బయటినుంచే మళ్ళిపోవాలన్నది ఈ రోడ్డు ఉద్దేశాలలో ముఖ్యమైనది. అందుకే ముంబయి–విజయవాడ రహదారిని పటాన్‌చెరు వద్ద, పెద్ద అంబర్‌పేట వద్ద రెండుసార్లు, నాగపూర్–బెంగళూరు రహదారిని మేడ్చల్ దగ్గరి కండ్లకోయ వద్ద, శంషాబాద్ వద్ద మరో రెండుసార్లు, వరంగల్ రహదారిని మీ ఘట్‌కేసర్ వద్ద ఇది కలుపుకుంటుంది. మొత్తం పొడవు 158 కి.మీ., ఎనిమిది వరుసలు. అయితే మొదట వేసింది లారీలకు అత్యవసరమైన భాగం కాదు. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం మొదలైంది. అదే సంవత్సరం గచ్చిబౌలి–శంషాబాద్ దారిలో వాహనాలు తిరగడం ప్రారంభమైంది. అంటే ఐటీ కార్యాలయాలకూ విమానాశ్రయానికీ నడుమ ఉన్న సుమారు 24 కి.మీ. ముక్క ముందు వచ్చింది. నార్సింగి–పటాన్‌చెరు, శంషాబాద్–పెద్ద అంబర్‌పేట భాగాలను ప్రైవేటు భాగస్వామ్యంతో, పటాన్‌చెరు నుంచి ఘట్‌కేసర్ మీదుగా పెద్ద అంబర్‌పేట దాకా ఉన్న భాగాన్ని జపాన్ సంస్థ జైకా రుణంతో నిర్మించారు. 2018లో కండ్లకోయ కూడలి తెరిచాక గానీ వలయం పూర్తి కాలేదు. ఆ పదేళ్ళ ముందంజ పడమటి వైపుకు ఎంతగా కలిసివచ్చిందో నానక్‌రాంగూడ పక్కనే ఆకాశహర్మ్యాలు లేచిన కోకాపేటను చూస్తే చాలు.

జవాబు – రోజువారీ ప్రయాణికుడు

చరిత్ర బాగుంది గానీ, ప్రశ్న అడిగినవారు ఒక లెక్క వేసుకోవాలి. ఘట్‌కేసర్, నానక్‌రాంగూడలు వలయంలో దాదాపు ఎదురెదురుగా ఉన్నాయి కనుక ఎటు తిరిగినా సగం వలయం, అంటే 75 కి.మీ.కు పైగా ఒక్కవైపు ప్రయాణమే. శంషాబాద్ వైపు కాస్త దగ్గర. టోల్ దూరాన్ని బట్టి ఉంటుంది, పైగా ఇంధనం. గరిష్ఠ వేగాన్ని 2023లో గంటకు 100 నుంచి 120 కి.మీ.కు పెంచారు, అందువల్ల దారి ఖాళీగా ఉంటే గంటలోపే చేరవచ్చు. కానీ నానక్‌రాంగూడలో దిగిన తర్వాత కార్యాలయం దాకా సాగే ఆ చివరి కొద్ది దూరమే ఉదయం పూట మీ సహనాన్ని పరీక్షిస్తుంది. ద్విచక్ర వాహనాలకూ ఆటోలకూ ప్రధాన రహదారిపై అనుమతి లేదు. సర్వీసు రోడ్డు ఉంది గానీ, కొన్నిచోట్ల అది తెగిపోతుంది కనుక దానిని నమ్ముకుని ఇల్లు కొనవద్దు.

జవాబు – పాత రోడ్ల అభిమాని

టోల్ విషయంలో ఒక మాట చేర్చాలి. 2023లో ఈ రోడ్డు నిర్వహణను, టోల్ వసూలును 30 ఏళ్ళకు 7,380 కోట్ల రూపాయలకు ఐఆర్‌బీ సంస్థకు లీజుకు ఇచ్చారు. అంత మొత్తం ముందుగా చెల్లించినవారు దానిని టోల్ ద్వారానే రాబట్టుకోవాలి కనుక, ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఆ ఖర్చు ఉంటుందనే భావించి మీ లెక్క వేసుకోండి.

జవాబు – రైలు ప్రయాణికురాలు

ఘట్‌కేసర్ నుంచి మౌలాలి, సనత్‌నగర్‌ల మీదుగా పడమటి వైపున్న లింగంపల్లికి ఎంఎంటీఎస్ (నగర లోకల్) రైలు 2024 మార్చిలో ప్రారంభమైందని ఎవరూ ప్రస్తావించలేదు. రైళ్ళ సంఖ్య తక్కువే, లింగంపల్లి నుంచి మళ్ళీ బస్సు పట్టుకోవాలి కూడా. అయినా మీ పని వేళలకు అది కుదురుతుందేమో ఒక వారం చూసి, ఆ తర్వాతే ఇంటికి బయానా ఇవ్వండి.